పీరు దారిలో మా చింతకొమ్మ

మా గల్లీలో చెట్లను చూసుకొమ్మని మా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ పని ఆయనే తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. బజారులో ఒక బెల్లం దుకాణంలో తూకం దగ్గర కూర్చునేవాడు. పొద్దున దుకాణానికి పోయే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక కాళ్ళయినా కడుక్కోకుండా ఇంకోసారి చెట్లన్నీ చూసి వచ్చేవాడు. మలుపు మీది వేపచెట్టుకు చెదలు పడితే మట్టి గీకి సున్నం పూసేవాడు. ఎదురింటి నేరేడుకు ఎండుకొమ్మ కనబడితే వానలు పడకముందే దించేవాడు. ఎవరింటి ముందరి చెట్టు అన్న తేడా ఆయనకు లేదు.

జహీరాబాదులో మా గల్లీ అప్పటికే పాతది. నేను చెప్పేది జర్మనీతో రెండో లడాయి జరుగుతున్న రోజుల మాట. ఎర్రరాయి గోడలు, బండల కప్పులు. చెట్లు ఇళ్ళకన్నా ముందటివి. ఇల్లు కట్టినవాళ్ళు చెట్టును తప్పించడానికి గోడను వంకర తిప్పారే గాని, గోడ కోసం చెట్టును కొట్టలేదు. నేను ఝరాసంగం వైపు నుంచి వచ్చినదాన్ని. మా పుట్టింటి దగ్గర జొన్నచేను మీద నీడ పడితే ఆ కొమ్మ ఆ రోజే పొయ్యిలోకి వచ్చేది. ఇక్కడికి వచ్చాక ఎండాకాలం స్నానం నీళ్ళు కూడా తొట్టిలో పట్టి చెట్టుకు పొయ్యాలని తెలిసి నాకు ఒళ్ళు మండింది. "మనుషులకే నీళ్ళు లేకపాయె" అని గొణిగేదాన్ని. గొణుగుతూనే పోసేదాన్ని.

అన్ని చెట్లూ ఒక ఎత్తు, మా వాకిట్లో చింతచెట్టు ఒక ఎత్తు. నాకు సవతి లేదు గాని, ఆ చెట్టుంది. దాని కథ మా అత్త చెప్పింది. మా మామ బతికి ఉన్న కాలంలో గల్లీవాళ్ళు పై కొమ్మ ఒకటి అడ్డమని గొడ్డలితో మీదినుంచే కొట్టారట. కొమ్మ తెగి పడుతూ కిందిదాకా మాను పై పట్టను చీల్చుకుని పోయింది. ఆ గాయంలో వాన నీళ్ళు నిలిచి మాను పుచ్చిపోయి తొర్ర పడింది. మామ దాంట్లో సున్నం, ఇటుక ముక్కలు కూరి మెత్తాడు. ఆయన పోయాక మా ఆయన ఏటా మృగశిర రాకముందే పాత సున్నం గీకి కొత్తది పెట్టేవాడు. కొమ్మ కొట్టాలంటే ముందు కిందినుంచి కొంత కోసి, తర్వాత మీదినుంచి కొయ్యాలని, గాయానికి పేడ, మట్టి కలిపి పూయాలని గల్లీలో అందరికీ నేర్పాడు. పొద్దుగూకాక చిగురు తెంపబోయిన ఆడవాళ్ళను కసిరేవాడు. చెట్టు నిద్రపోతుంటే దాన్ని గిల్లొద్దనేవాడు.

గల్లీ మీదికి చాచుకున్న కొమ్మ అప్పటికి ఒక్కటే మిగిలింది. మనిషి తొడంత లావు. అది తీస్తే చెట్టు మొత్తం ఇంటి మీదికి ఒరుగుతుందని మా ఆయన భయం. ఆ కొమ్మ జోలికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

ఇప్పుడు పీర్ల పండుగ సంగతి చెప్పాలి. మా గల్లీ చివర పీర్ల కొట్టం ఉండేది. పండుగ ఆఖరి రోజున పీర్లు అక్కడినుంచి బయలుదేరి మా గల్లీ గుండానే వాగుకు పోతాయి. ప్రతి ఇంటి ముందు ఆగుతాయి. ఆడవాళ్ళు పీరును మోసేవాళ్ళ కాళ్ళు కడుగుతారు, పీరుకు రంగుగుడ్డల దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, మలీద పెడతారు. మా గల్లీలో అది అందరి పండుగ. పెద్ద పీరు పొడుగాటి వెదురు మీద నిలబడుతుంది. అది ఎక్కడా వంగదు. ఎంత పెద్దవాళ్ళ వాకిట్లోనైనా వంగదు, కొమ్మ అడ్డమొచ్చినా వంగదు. దారి మార్చుకోవడం కూడా లేదు. అందుకే పండుగకు కొన్ని రోజుల ముందు, కొట్టం ముందర నిప్పుల గుండం తవ్విన రోజే, పీర్లను చూసుకునే ముజావర్ చాచా పీరు ఎత్తు ఉన్న కొలకర్ర భుజాన వేసుకుని గల్లీ అంతా తిరిగేవాడు. కర్రకు ఎవరి కొమ్మ తగిలితే ఆ ఇంటివాళ్ళు పండుగలోపల దాన్ని కోసెయ్యాలి. గొడవలు, బతిమాలుకోవడాలు ఏమీ ఉండవు. కర్ర చెప్పినట్టే.

ఆ ఏడు ఎండాకాలంలో నా కొడుక్కి తట్టు పోసింది. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లాడు. తట్టు పోయినా జ్వరం పోలేదు. పాలు తాగలేదు. ఒక మధ్యాహ్నం కళ్ళు తేలవేశాడు. నేను వాడిని అత్త ఒళ్ళో పడేసి, చెప్పులు లేకుండా పీర్ల కొట్టం దాకా ఉరికాను. కొట్టం తలుపు మూసి ఉంది. గడప మీద తల పెట్టి, "నా కొడుకు లేచి నడిస్తె, నువ్వు మా వాకిట్ల నిలిచిన పొద్దు కాళ్ళు కడుగుత, వాన్ని నీ ముందర నిలబెడుత" అని మొక్కాను. వాడు బతికాడు. ఇక ఆ మొక్కు తీరేదాకా నాకు కంటి మీద కునుకు ఉంటుందా? వాడు తుమ్మినా నుదురు ముట్టి చూసేదాన్ని. పీరు మా వాకిట్లో ఎప్పుడు నిలుస్తుందా అని నెలలు లెక్కపెట్టుకున్నాను.

పిల్లాడు తేరుకున్న సంబరంలోనే మా ఆయన నిచ్చెన వేసి ఆ కొమ్మ ఎత్తు కొలిచాడు. పీరు ఎత్తు కన్నా జానెడు పైనే ఉంది. దిగి వచ్చి, నాకూ అత్తకూ, దారిన పోయేవాళ్ళకూ చెప్పాడు. కొమ్మను ముట్టుకునే పని లేదన్నాడు. ఆయన కొలిచాడంటే ఇంక తిరుగులేదు. దుకాణంలో రాయికోడ్ నుంచి బెల్లం బండ్లు తోలుకొచ్చే రైతులు కూడా ఆయన తూకం చూస్తే మారు మాట్లాడేవాళ్ళు కారు. దాంతో ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది. నాకూ ఉండేది, ఎందుకు దాచాలి.

వానలు పోయాయి. చలి వచ్చింది. ఒకనాడు జొన్నసొప్ప బండి మా వాకిలి ముందునుంచి పోతుంటే మోపు మీది కట్టలు ఆ కొమ్మకు రాసుకున్నాయి. కాయలు రాలాయి. నేను సాయంత్రం ఆయనకు చెప్పాను. "బండి మోపు ఎక్కువ ఏసుకున్నరు" అన్నాడు. కొమ్మ వైపు చూడను కూడా చూడలేదు.

గుండం తవ్విన రోజు చాచా కర్ర పట్టుకుని వచ్చాడు. తెల్లగడ్డం, వంగిన నడుము, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బేటా, జర కొమ్మ జూస్త."

"చూసుడెందుకు చాచా? ఎండకాలంల నేనె కొలిచిన. జానెడు సందున్నది. నా కొలత మీద నమ్మకం లేదా?"

నవ్వుతూనే అన్నాడు. కాని ఆ మాట వచ్చాక ఇంక కర్ర లేపితే అది ఆయనను అవమానించినట్టే. చాచా లేపబోయిన కర్రను ఆపాడు. "నీ మాటుండంగ కర్రెందుకు బేటా" అని, కర్రను మళ్ళీ భుజాన వేసుకుని పక్కింటికి పోయాడు.

నాకు ఆగలేదు. లోపలికి వచ్చాక, "కర్ర లేపితె అరుగుతదా? చూడనిస్తె ఏం పాయె?" అన్నాను.

"నువ్వు ఊకో" అన్నాడు. ఊరుకున్నాను.

పండుగనాడు వాకిలి అలికాను. కొత్త కుండలో నీళ్ళు, వేపాకు వేసి పెట్టాను. రొట్టె ముక్కలు, బెల్లం కలిపి మలీద ముద్దలు చేశాను. పిల్లాడికి ఆకుపచ్చ కుర్తా వేశాను. పీర్లు మధ్యాహ్నమే బయలుదేరినా ఇంటింటికీ ఆగుతూ వస్తాయి గనక మా ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. డప్పులు వినబడగానే కుండ చంకన పెట్టుకుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని గడప దిగాను. నెలల భారం ఇంకో గడియలో దిగిపోతుందనుకున్నాను.

పెద్ద పీరు పక్కింటి ముందు ఆగి, మలీద తీసుకుని, మా వైపు కదిలింది. నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. ముందుకు రాబోయింది. దాని మీది దట్టీలు మా కొమ్మ కాయలకు చిక్కుకున్నాయి. మోసే మనిషి వెనక్కి జరిగాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు, మళ్ళీ జరిగాడు. డప్పులు ఒకటొకటే ఆగిపోయాయి.

అందరూ ముందు కొమ్మను చూశారు. తర్వాత మా ఇంటిని చూశారు. మా ఇంటి ముందు నేనున్నాను, కుండ పట్టుకుని, ముస్తాబయి. నాకు తల కొట్టేసినట్టయింది. చీర కొంగు ముఖం మీదికి లాక్కుందామంటే చేతులు ఖాళీగా లేవు. నా గల్లీ, నా ఇరుగుపొరుగు, నిన్నటిదాకా నవ్వుతూ మాట్లాడినవాళ్ళు. వాళ్ళ పీరును మా ఇల్లు ఆపింది. భూమి చీలి నన్ను మింగితే బాగుండనిపించింది.

మా అత్త అరుగు మీదనుంచి పైకి చూసి, మెల్లగా అంది. "కాయ కొడుకా. కాయ బరువు. నువ్వు కొలిచింది కాయ దించినంక."

అప్పుడు అందరికీ అర్థమయింది. పీర్ల పండుగ చంద్రుడి లెక్క. ఏటేటా కొన్ని రోజులు ముందుకు జరుగుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చింతకాయ దించాకే పండుగ వచ్చేది. జరిగి జరిగి ఇప్పుడు కాయ చెట్టు మీద ఉండగానే వచ్చింది. ఎండాకాలంలో కాయ లేని కొమ్మ పైకి లేచి ఉంటే ఆయన కొలిచాడు. ఇప్పుడు గుత్తులు గుత్తులుగా కాయ వేలాడి కొమ్మ మూరెడు కిందికి దిగింది. రోజంతా తూకం వేసే మనిషి బరువు సంగతే మరిచిపోయాడు.

మా ఆయన లోపలికి పోయి గొడ్డలి పట్టుకుని వచ్చాడు. ఆ కొమ్మను ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, జనం మధ్యనుంచి తోసుకుంటూ మాను మీదికి ఎక్కబోయాడు. చాచా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బేటా. పొద్దు గూకింది. ఆకు జూడు, ముడుసుకున్నది. పండుకున్న చెట్టు మీద గొడ్డలి పెడ్తవా? మాకందరికి చెప్పెటోనివి నువ్వె గద."

మా ఆయన చేతిలో గొడ్డలి కిందికి జారింది. ఆయన తల వంచుకోవడం నేను మొదటిసారి చూశాను. నేను చూడకూడదనుకుని కుండలోకి చూశాను.

"పోని, పక్క గల్లిల కెళ్ళి పోదమా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. పీరు ఒక వాకిటినుంచి వెనక్కి తిరిగిందంటే ఆ ఇంటి గురించి తరాల దాకా చెప్పుకుంటారు. ఆ వాకిట్లో నా కొడుకు నిలబడి ఉన్నాడు. వాడి చెయ్యి నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

చాచా కొమ్మ వైపు చూస్తూ లవంగం నమిలాడు. "పన్న పిల్లను లేపకుంట పక్కకు జరుపుత లేమా? గట్లనె చేద్దం. కొయ్యొద్దు, తెంపొద్దు. కొమ్మను మెల్లగ మీదికి లేపున్రి."

ఇంక ఎవరూ ఆలోచించలేదు. ఎవరింట్లోంచి వాళ్ళు పంగకర్రలు, దోటీలు, మంచం పట్టెలు తెచ్చారు. కొందరు మా గోడ ఎక్కారు. కొందరు ఎదురింటి కప్పు ఎక్కి మోకు విసిరారు. మా ఆయన చెట్టెక్కి ఆ మోకును కొమ్మకు కట్టాడు. కిందినుంచి గల్లీ మగవాళ్ళంతా కర్రలు ఆనించి, పళ్ళు బిగించి, కొమ్మను పైకి ఎత్తారు. దూది ఏకే ఆయన, కిరాణం కొట్టు పటేలు, సైకిళ్ళు బాగుచేసే అన్నదమ్ములు. పండుగకని వేసుకున్న బట్టల మీద చింతపొట్టు రాలుతోంది. కొమ్మ కిర్రుమంది.

"నడువున్రి! నిలవొద్దు, నడువున్రి!" అని చాచా అరిచాడు.

పీరు కదిలింది. నిటారుగా, దట్టీలు కూడా తగలకుండా కొమ్మ కింది నుంచి పోయింది. నేను కుండ ముందుకు చాచాను. మోసే మనిషి కళ్ళు పైన కొమ్మ మీదే ఉన్నాయి. కర్రలు పట్టుకున్నవాళ్ళ చేతులు వణుకుతున్నాయి. ఆయన ఎట్లా ఆగుతాడు? దుమ్ము పట్టిన ఆ పాదాలు నా ముందు నుంచి గబగబా దాటిపోయాయి. నా కుండలో నీళ్ళు నా కుండలోనే ఉన్నాయి.

కొమ్మను దించేటప్పుడు దాని మొదలు దగ్గర ఫట్టుమని చప్పుడైంది. పట్ట చీలింది. మగవాళ్ళు చేతులు దులుపుకుని పీర్ల వెంట వెళ్ళిపోయారు. ఒక్కరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకూ నోరుంది, నాలుగు అని తేల్చుకునేదాన్ని. ఎదురింటి ఆమె నా దగ్గరికి వచ్చి, "పండుగ ముందటికొచ్చె, ఆయన ఏం చేస్తడు చెల్లె" అని వీపు నిమిరింది. ఆ చెయ్యి తగిలేసరికి నాకు ఏడుపు ఆగలేదు. జాలి పడేంత పని మా ఇల్లు చేసిందన్నమాట.

గల్లీ ఖాళీ అయింది. మా ఆయన మాత్రం చెట్టు మీదే ఉన్నాడు. పంగలో కూర్చుని, ముడుచుకున్న ఆకుల మధ్య, ముఖం మాను వైపు తిప్పుకుని.

"దిగున్రి. అందరు పోయిన్రు" అన్నాను.

"నువ్వు గూడ లోపలికి పో."

"నేను పోతె నిచ్చెన ఎవరు పడ్తరు?"

నాకు కోపం పొంగుకొచ్చింది. కర్ర లేపనిస్తే ఏం పోయేదని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన భుజాలు కదులుతుండటం చూసి అడగలేదు. నిచ్చెన పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాను. ఆయన దిగేదాకా అట్లాగే నిలబడ్డాను. దిగాక ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వాగునుంచి తిరిగి వచ్చేటప్పుడు పీర్లను విప్పి, బట్టలో చుట్టి, చేతుల మీద పడుకోబెట్టి తెస్తారు. డప్పులుండవు. అప్పుడు ఎవరూ నీళ్ళు పొయ్యరు, మొక్కులు చెల్లవు. చాచా ఆ మూట రొమ్ముకు ఆనించుకుని మా వాకిట్లోకి వచ్చేసరికి నేను ఇంకా కుండ పక్కన పెట్టుకుని గడప మీదే కూర్చున్నాను. ఆయన నడక ఆపలేదు గాని, కొంచెం మెల్లగా నడిచాడు.

"మొక్కు యాడికి పోదు బిడ్డా. యేడాది ఆగు. పిల్లగానికి ఏం గాదు, ఫికర్ చెయ్యకు."

మొక్కు కోసం తెచ్చిన నీళ్ళు మళ్ళీ ఇంట్లోకి తీసుకుపోకూడదంది అత్త. చింతచెట్టు మొదట్లో పోశాను. ఎన్నడూ లేనిది గొణగకుండా పోశాను.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పిల్లాడికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, పీరును మోస్తూ దాటిపోయిన ఆ పాదాలు కళ్ళ ముందుకు వచ్చేవి. బావికి పోవాలంటే నలుగురూ పోయే వేళ కాకుండా మిట్టమధ్యాహ్నం పోయేదాన్ని. గల్లీవాళ్ళు మునుపటిలాగే చెట్ల సంగతి అడగడానికి మా ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. కావాలనే వస్తున్నారేమో, మాకు సిగ్గు పోగొట్టడానికే వస్తున్నారేమో అని నాకు అనుమానంగా ఉండేది. ఆయన చేసే పని చేసేవాడు, మాట మాత్రం తగ్గించేశాడు. దుకాణంలో కూడా తూకం వేసి, ముల్లును కొనేవాడి వైపు తిప్పి, "నువ్వె జూసుకో" అనడం మొదలుపెట్టాడట. బెల్లం కొనడానికి దుకాణానికి పోయిన మా తమ్ముడు మాటల మధ్య చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ కొమ్మ కోసం ఆయన పడ్డ పాట్లు ఒకటి కాదు. చీలిన చోట మోకు చుట్టి, పేడమట్టి మెత్తాడు. గోడ మీదినుంచి పంగగుంజ ఒకటి ఆసరా పెట్టాడు. వానాకాలం పోగానే చెట్టెక్కి, లేత కాయలను గుత్తులుగా తెంపి బరువు తగ్గించాడు. పొద్దునా సాయంత్రం కొమ్మ కింద నిలబడి, ఒక కన్ను మూసి పైకి చూసేవాడు. ఈసారి పండుగ ఇంకా ముందుకు వచ్చింది. కాయ ఇంకా ముదరలేదు. చూస్తే కొమ్మ కింద సందు ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. ఒక వేలెడు తేడా. ఆయన కొలవలేదు. కొలవడానికి ఆయనకు ధైర్యం చాలలేదని నాకు తెలుసు.

గుండం తవ్విన రోజు చాచా వచ్చాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. చాచా కర్రను లేపుతాడనుకున్నాను. ఆయన దాన్ని మా గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకున్నాడు.

"చెప్పు బేటా. పోతదా?"

మా ఆయన నిలబడే ఉన్నాడు. "కర్ర లేపి జూడు చాచా."

"కర్ర ఉన్నది తియ్యి. నేను నిన్నడుగుతున్న."

"నా మాట..." అని ఆగిపోయాడు.

"నీ మాటనె అడుగుతున్న" అన్నాడు చాచా. ఇంకో లవంగం నోట్లో వేసుకుని, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. తొందర లేనట్టు కూర్చున్నాడు. అప్పటికి పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు గడపల్లోకి వచ్చారు.

ఆయన "పోతది" అంటే చాచా లేచి వెళ్ళిపోతాడు, కర్ర లేపడు. అది నాకు తెలుసు. ఏడాదంతా ఆ కొమ్మకు చేసిన సేవ నేను కళ్ళారా చూశాను. కొమ్మ పోతే చెట్టు ఇంటి మీదికి ఒరుగుతుందన్న భయమూ ఆయనకు పోలేదు. ఆయన ఆ మాట అనబోతే గడప దాటి వెళ్ళి, చాచా ముందరే, గల్లీ అంతా చూస్తుండగానే కాదని అరవాలని నేను కాలు ఎత్తి ఉన్నాను. మొగుడి మాట కొట్టెయ్యడానికి సిద్ధపడి తలుపు వెనక నిలబడటం కన్నా సిగ్గు ఇంకేముంటుంది? అయినా నిలబడ్డాను.

ఆయన పైకి చూశాడు. ఒక కన్ను మూయలేదు, రెండు కళ్ళతోనే చాలాసేపు చూశాడు.

"పోదు చాచా" అన్నాడు. ఎదురింటిదాకా వినబడేటట్టు అన్నాడు.

గొడ్డలి కోసం లోపలికి వచ్చాడు. నేనే తీసి అందించాను. పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది, ఆకు విచ్చుకునే ఉంది. ముందు కిందినుంచి కోశాడు, తర్వాత మీదినుంచి. పట్ట చీలలేదు. పేడమట్టి నేను కలిపి ఇచ్చాను.

పండుగనాడు పీరు మా వాకిట్లో నిలిచింది. నా కొడుకును దాని ముందర నిలబెట్టాను. మోసే మనిషి కాళ్ళ మీద నీళ్ళు పోశాను. పోస్తూనే ఉన్నాను. కుండ అడుగంటినా వంచుతూనే ఉన్నాను. "చాలు బిడ్డా, లే" అని చాచా అన్నాడు. నేను లేవలేదు. లేస్తే తల ఎత్తాలి. తల ఎత్తితే ఆ కొమ్మ లేని చోటు కనబడుతుంది.